మామిడి కోతలకు ముందు: తోట నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా జాగ్రత్తలు

జూన్ మొదలైతే చిత్తూరు చుట్టుపక్కల రోడ్ల రూపే మారిపోతుంది. దామలచెరువు, బంగారుపాళ్యం మండీల వైపు, గుజ్జు ఫ్యాక్టరీల వైపు తోతాపురి లోడుతో ట్రాక్టర్లు బారులు తీరతాయి. నేను చిత్తూరు కోర్టులో యాక్సిడెంటు కేసులు చూసే వకీలును. మాకూ నాలుగెకరాల మామిడి ఉంది. సీజన్ అయిపోయిన రెండు మూడు నెలలకు నా దగ్గరికి వచ్చే కుటుంబాలు ఎక్కువగా అనే మాట ఒకటే: "ఈ సంగతి ముందే తెలిసుంటే బాగుండేది సార్." అందుకే కోతలకు ముందే రాస్తున్నాను.

మొట్టమొదట, లోడు మీద మనుషుల్ని కూర్చోబెట్టొద్దు. 2025 జులైలో పుల్లంపేట మండలం రెడ్డిచెరువు కట్ట మీద మామిడి లారీ బోల్తా పడి తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. కాయలు కోసి, ఆ లోడు మీదనే కూర్చుని తిరుగు ప్రయాణమైనవాళ్లు. బండి పక్కకు ఒరిగితే పైనున్న మనిషి ముందు కింద పడతాడు, ఆ తర్వాత టన్నుల కొద్దీ కాయలు అతని మీద పడతాయి. దూకే వ్యవధి ఉండదు.

చట్టం సంగతి కూడా వినండి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్న మనిషికి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే ఆశారాణి కేసులో తేల్చింది. సరుకు యజమాని తన సరుకుతో వెళ్తే, ఆ బండికే పెట్టుకున్న లోడింగ్ కూలీ అయితే పరిహారానికి దారులు వేరే ఉన్నాయి. దారిలో చెయ్యెత్తిన చుట్టాన్నో, పక్క తోట కూలీనో ఎక్కించుకుంటే మాత్రం ఆ డబ్బు ఓనరు సొంతంగా కట్టుకోవాల్సిందే. "రెండు కిలోమీటర్లే కదన్నా" అంటారు. ఆ రెండు కిలోమీటర్ల కోసం అవతల కుటుంబానికి మనిషి పోతాడు, ఇవతల రైతుకు భూమి పోతుంది. కూలీలకు వేరే ఆటో మాట్లాడండి. ఆ ఖర్చును కోత ఖర్చులోనే వేసుకోండి.

ట్రాక్టర్ కాగితాలు ఈ వారమే బయటికి తీయండి. ఇంజనుకు ఇన్సూరెన్స్ ఉంటుంది, ట్రైలరుకు ఉండదు. చాలా ఇళ్లలో పరిస్థితి ఇదే. ట్రైలరుకూ రిజిస్ట్రేషన్, పాలసీ రెండూ ఉండాలి. వ్యవసాయానికని తీసుకున్న పాలసీతో బాడుగకు తోలితే కంపెనీ కోర్టులో ఆ పాయింటే పట్టుకుంటుంది. ఇక పదహారేళ్ల అబ్బాయికి స్టీరింగ్ ఇవ్వడం. మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రికైనా, ఓనరుకైనా మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. లైసెన్సు లేని మనిషి తోలి ఉంటే కోర్టు చాలాసార్లు ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంది. మేం దాన్ని 'పే అండ్ రికవరీ' అంటాం. ఆ నోటీసు ఇంటికి వచ్చాక నిద్ర పట్టని రైతుల్ని నేను చూశాను.

రాత్రి పూట ఫ్యాక్టరీ ముందు క్యూ గురించి కొంచెం ఆగి చెప్పాలి. కాయ ఎక్కువైన ఏడాది బండ్లు గంటలు కాదు, రోజులు నిలబడతాయి. బ్యాటరీ దిగిపోతుందని లైట్లు ఆపేస్తారు. ట్రైలరు వెనక తలుపు మీద అతికించిన ఎర్ర రిఫ్లెక్టర్ టేపును టార్పాలినో, మామిడి ఆకులో కప్పేస్తాయి. వెనక నుంచి యాభై స్పీడులో వచ్చే బైకు మనిషికి ఎదురు బండి లైటు కళ్లలో కొడుతుంటే, ఆ నల్లటి ట్రైలరు కనపడేసరికి అడుగుల దూరమే మిగులుతుంది. టేపు ధర ఒక క్రేటు కాయల విలువ కూడా చేయదు. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు వేయించండి. టార్పాలిన్ కట్టాక వెనక్కి పదడుగులు నడిచి, సెల్ టార్చి వేసి చూడండి. మెరవకపోతే మళ్లీ కట్టండి. తారు మీద కాకుండా మట్టి మార్జిన్‌లో ఆపండి. చక్రం కింద పెట్టిన రాయిని బండి కదిలాక తీసి పారేయండి. నడిరోడ్డులో వదిలేసిన ఆ రాళ్లే తెల్లవారుజామున పాల వ్యానులకు, స్కూటర్లకు ప్రాణాంతకం అవుతున్నాయి.

బైకు మీద పోయేవాళ్లు కూడా క్యూ ఉన్న రోడ్డులో స్పీడు తగ్గించాలి. ఆగిన బండిని వెనక నుంచి గుద్దితే కోర్టు చాలాసార్లు తప్పును ఇద్దరికీ పంచుతుంది, పరిహారంలో అంత భాగం కోసేస్తుంది. హెల్మెట్ సంగతి నేను చెప్పక్కర్లేదు. బెంగళూరు రోడ్డులో మొగిలి ఘాట్, మదనపల్లె వైపు భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు లోడు బండి న్యూట్రల్‌లో అస్సలు వద్దు. ఎక్కిన గేరులోనే దిగండి.

తోటలో పెద్ద ప్రమాదం కరెంటు. ఇనుప చిక్కం, అల్యూమినియం నిచ్చెన లెవన్ కేవీ లైను దగ్గరికి పోతే చాలు, తగలకపోయినా లాగుతుంది. లైను కింద ఉన్న చెట్లకు ముందే సున్నంతో గుర్తు వేసి, వాటిని కోసే రోజున లైన్‌మన్‌కు చెప్పి సప్లై ఆపించుకోండి, వెదురు కర్రే వాడండి. తెగిన తీగ కనపడితే 1912కు ఫోన్ చేయండి. పందుల కోసం కంచెకు కరెంటు పెట్టేవాళ్లకు ఒకటే మాట: మనిషి చనిపోతే అది క్రిమినల్ కేసు. చెట్టెక్కే ముందు ఎర్రచీమల గూళ్లు చూసుకోమనండి. చీమలు కుడితే రెండు చేతులూ ఒకేసారి కొమ్మ వదిలేస్తాయి, పడేది అలాగే.

గుజ్జు ఫ్యాక్టరీలకు సీజన్ పనికి పోయే ఆడవాళ్లు చున్నీ, కొంగు లోపలికి దోపుకుని, జడ ముడేసి టోపీ పెట్టుకోవాలి. తిరిగే బెల్టులో ఇరుక్కున్న కాయను చేత్తో తీయొద్దు, మిషన్ ఆపమని అరవండి. గ్లౌజులు, గంబూట్లు ఇవ్వడం యజమాని బాధ్యత. అడిగితే పని పోతుందని భయపడకండి, నలుగురు కలిసి అడగండి. దెబ్బ తగిలితే "మేస్త్రీ పంపాడు, మాకు సంబంధం లేదు" అనే మాట చట్టం ముందు నిలవదు. కాంట్రాక్టరు మనిషైనా అసలు యజమాని బాధ్యుడే. పనివాడి అజాగ్రత్త వల్లే జరిగిందని చెప్పి కూడా పరిహారం ఎగ్గొట్టలేరు. 1923 నాటి పరిహార చట్టంలోని ఈ హక్కులు ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో ఉన్నాయి. పనిలో చేరిన రోజే గేటు దగ్గర ఒక ఫోటో తీసుకోండి, కూలి ఫోన్‌పేలో వేయమనండి. హాజరు పుస్తకంలో పేరు లేని మనిషికి రేపు అవే సాక్ష్యం.

ప్రమాదం జరిగిపోతే? 108, హైవే మీదైతే 1033. సాయం చేసినవాళ్లను పోలీసులు బలవంతంగా సాక్షిగా మార్చకూడదని చట్టంలోనే ఉంది, భయపడి వదిలేసి పోకండి. 2025 మే నుంచి కేంద్రం 'క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్' పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా ఉచిత చికిత్స ఉంది. క్యాజువాలిటీలో ఆ పథకం పేరు చెప్పి అడగండి.

అన్నిటికన్నా ఎక్కువ కేసులు ఓడిపోయేది ఎక్కడంటే, అదే క్యాజువాలిటీ బల్ల దగ్గర. రక్తంతో మనిషిని తెచ్చినప్పుడు "ఎట్లా జరిగింది?" అని అడిగి డాక్టరు ఒక రిజిస్టరులో రాస్తాడు. పోలీసు గొడవ ఎందుకని తమ్ముడో, బావమరిదో "బైకు జారి పడ్డాడు" అంటారు. నా దగ్గరికి వచ్చిన ఒకామె భర్తకు ఇలాగే అయింది. ఆగి ఉన్న ట్రైలరును గుద్దుకున్నాడు. రిజిస్టరులో మాత్రం జారి పడినట్టు ఉంది. నెల తర్వాత ఎఫ్ఐఆర్ పెట్టినా, కంపెనీ లాయరు ఆ ఒక్క లైను మీద గంటసేపు ప్రశ్నలు వేశాడు. జరిగింది జరిగినట్టు చెప్పండి, బండి నంబరు చెప్పండి. అదే రోజు ఎఫ్ఐఆర్ రాయించండి. బండి ఆగకుండా పోయినా కేసు పెట్టండి, హిట్ అండ్ రన్ కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50,000 వస్తాయి.

పెద్దమనుషులు కూర్చుని ఇచ్చే ఇరవై వేలకు సంతకం పెట్టొద్దు. మంచం దగ్గరికే వచ్చి "శాతం ఇస్తే చాలు" అంటూ తెల్ల కాగితాల మీద వేలిముద్రలు తీసుకునే బ్రోకర్లను దగ్గరికి రానీయకండి. వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోవడం వకీళ్లకు బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే నిషేధం.

డిసెబిలిటీ సర్టిఫికెట్‌లో 30 శాతం అని ఉంటే పరిహారం కూడా అంతే అనుకోకండి. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి సంపాదన నూరు శాతం పోయినట్టేనని సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. మోకాలు వంగని మనిషి చెట్టెక్కలేడు. అతను ఏ పని చేసేవాడో తోట యజమాని వచ్చి కోర్టులో చెప్పాలి, దయచేసి రండి.

రోడ్డు ప్రమాదం కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి చట్టంలో ఉంది. కర్మంతరాలు, ఆపరేషన్లు, అప్పులు అనుకునేలోపే ఆరు నెలలు తిరిగిపోతాయి. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, మందుల బిల్లులు, ఆర్‌సీ, పాలసీ జిరాక్సులు ఒక సంచిలో వేసి, ఇంట్లో చదువుకున్న ఒకరి చేతికి ఇవ్వండి. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.