రింజానీ కింది పల్లెలో ఉండదలచిన బెంగళూరు తెలుగువారికి

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల మనవాళ్ళు బాలిలో వారం రోజులు గడిపి వచ్చాక, అక్కడ భూమి ధర ఎంత, మనం కొనవచ్చునా అని అడగడం తరచుగా వింటున్నాను. నాలుగు డబ్బులు చేతికి రాగానే పొలం మీదో స్థలం మీదో పెట్టడం మనకు తరాల అలవాటు కనుక ఆ ప్రశ్న సహజమే. అయితే ఇండోనేషియా పల్లెలో కొంతకాలమైనా ఉండదలచినవారు వరుస మార్చుకోవాలి. ముందు ప్రయాణం, తరువాత అద్దె ఇల్లు, ఎండాకాలమూ వానాకాలమూ రెండూ ఆ ఊళ్ళోనే చూశాక పెట్టుబడి ఆలోచన. లోంబోక్ ద్వీపపు తూర్పు జిల్లాలోని తెతెబాతును ఉదాహరణగా తీసుకుంటాను. 3,726 మీటర్ల ఎత్తున్న రింజానీ అగ్నిపర్వతానికి దక్షిణపు వాలులో, మెట్ల వరిమళ్ళ నడుమ ఉన్న ఊరది. జనం ఎక్కువగా ససాక్ అనే స్థానిక తెగకు చెందిన ముస్లింలు.

బెంగళూరు నుంచి బాలిలోని దెన్‌పసార్‌కు ఇండిగో విమానం నేరుగా వెళుతుంది. అక్కడి నుంచి లోంబోక్‌కు చిన్న విమానం ఎక్కవచ్చు, లేదా పదాంగ్ బాయ్ రేవులో పడవ ఎక్కి నాలుగైదు గంటల్లో లెంబార్ చేరవచ్చు. చెన్నై వారికి కౌలాలంపూర్ లేదా సింగపూర్ మీదుగా వెళ్ళడం సులువు. మొదటి ప్రయాణం ఏప్రిల్, అక్టోబరు నెలల మధ్య పెట్టుకోండి. రెండోది మాత్రం తప్పనిసరిగా జనవరిలో చేయండి. దారి ఎక్కడ కోసుకుపోతుందో, ఏ ఇంటి గోడ చెమ్మ పీలుస్తుందో అప్పుడే తెలుస్తుంది. రంజాన్ పండుగ రోజుల్లో దేశమంతా సొంతూళ్ళకు కదులుతుంది కనుక ఆ వారంలో పడవలు, బస్సులు దొరకడం కష్టం.

భారతీయ పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉంటే, 5,00,000 రూపియాలు (రూపియా అక్కడి నాణెం) చెల్లించి అక్కడ దిగాక 30 రోజుల వీసా తీసుకోవచ్చు. దానిని మరో 30 రోజులకు ఒక్కసారే పొడిగిస్తారు. గడువు మించితే రోజుకు 10,00,000 రూపియాల జరిమానా ఉంటుంది, 60 రోజులు దాటితే దేశం నుంచి పంపివేస్తారు. ఈ వీసాపై పనిచేయకూడదు, స్నేహితుడి హోంస్టేలో అతిథులకు గదులు చూపించడం కూడా పని కిందికే రావచ్చునని గుర్తుంచుకోవాలి. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచి పనిచేసేవారికి ఈ33జీ అనే ఏడాది నివాస అనుమతి ఉంది. దానికి ఏడాదికి కనీసం 60,000 డాలర్ల ఆదాయం విదేశీ యజమాని నుంచి వస్తున్నట్టు చూపాలి, ఇండోనేషియాలో ఎవరి వద్దా జీతం తీసుకోకూడదు.

ఊరు చేరిన 24 గంటల్లోపు, ఇల్లుగలవారిని వెంటబెట్టుకుని వాడ పెద్ద దగ్గరికో, కెపాలా దూసున్ అనే శివారు పెద్ద దగ్గరికో వెళ్ళి పాస్‌పోర్టు నకలు ఇవ్వండి. ఇది నియమం మాత్రమే కాదు, పరిచయం కూడా. మగవారిని పాక్ అని, ఆడవారిని ఇబు అని పిలవాలి. వట్టి పేరుతో పెద్దవారిని పిలిస్తే మన పల్లెల్లో ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో అక్కడా అంతే. కాలువ పూడిక తీసే రోజున ఊరంతా కలిసి పనిచేస్తుంది, దానిని గోతోంగ్ రోయోంగ్ అంటారు. ఆ రోజు పార పట్టుకుని వెళ్ళినవారికి తరువాత ఊళ్ళో దొరికే సాయం అద్దె డబ్బుతో దొరకదు.

ఇంట్లో ముందుగా కరెంటు మీటరు చూడండి. చాలా ఇళ్ళలో ముందే డబ్బు కట్టే మీటరు ఉంటుంది. కొట్లోనో ఫోనులోనో టోకెన్ కొని, 20 అంకెల సంఖ్యను మీటరు మీది మీటలతో కొట్టాలి, నిల్వ తగ్గితే అది కీచుమంటూ హెచ్చరిస్తుంది. 900 వీఏ (వోల్ట్ ఆంపియర్, సుమారుగా వాట్ల వంటి కొలత) కనెక్షన్ ఉన్న ఇంట్లో మన 750 వాట్ల మిక్సీ, రైస్ కుక్కర్ కలిపి వేస్తే ఫ్యూజు మీట పడిపోతుంది. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు కనుక అడాప్టర్ తీసుకెళ్ళండి.

శాకాహారులు తెరాసి గురించి తప్పక తెలుసుకోవాలి. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. కారం పచ్చళ్ళలో దాదాపు అన్నింటిలోనూ కలుపుతారు. పచ్చి వంకాయ ముక్కలతో చేసే బెబెరుక్ చూడగానే మన నోరూరుతుంది గాని, అందులోనూ అది ఉంటుంది. తెరాసి లేకుండా చేయమని వండకముందే చెప్పాలి. తెంపే అనే పులియబెట్టిన సోయా గింజల అచ్చు, తోఫు, ఆకుకూరలు, చింతపండు, మిరపకాయలు పుష్కలంగా దొరుకుతాయి కాబట్టి సొంత వంటకు ఇబ్బంది లేదు; కందిపప్పు, మినపప్పు మాత్రం వెంట తెచ్చుకోవలసిందే.

ఇక భూమి సంగతి, అన్నింటికంటే జాగ్రత్త కావలసిన చోటు. 1960 నాటి భూచట్టం ప్రకారం హక్ మిలిక్, అంటే పూర్తి యాజమాన్యం, ఇండోనేషియా పౌరులకు మాత్రమే. స్థానికుడి పేరిట కొని, లోపల వేరే ఒప్పందం రాసుకుందామని చెప్పే దళారులు ఎదురవుతారు. అదే చట్టంలోని 26వ సెక్షన్ అటువంటి బదిలీని చెల్లనిదిగా చేసి, భూమిని ప్రభుత్వపరం చేస్తుంది. కట్టిన సొమ్ము తిరిగి అడిగే హక్కు కూడా ఉండదు. ఎంత నమ్మకస్థుడైనా, ఎంత స్నేహమైనా ఈ దారి వద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ మనిషి మరణిస్తే మీరు అతని వారసులతో మాట్లాడవలసి వస్తుంది.

విదేశీయులకు ఉన్న మార్గాలు రెండు. నివాస అనుమతి ఉన్నవారు హక్ పకాయ్ అనే వినియోగ హక్కు పొందవచ్చు, అది 30 ఏళ్ళు, ఆపై 20, ఆపై మరో 30. లేదా మామూలు లీజు. విదేశీ కంపెనీ పెడదామంటే, భూమి, భవనాల విలువ మినహాయించి 1,000 కోట్ల రూపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక కావాలి, మన డబ్బులో 5 కోట్ల పైమాటే. నాలుగు గదుల హోంస్టేకు అది పొసగదు. అందుచేత మధ్యతరగతి వారికి లీజు ఒక్కటే సబబైన దారి అని నా అభిప్రాయం.

లీజుకు ముందు కాగితాలు చూసే పద్ధతి మనకు కొత్త కాదు. మనం ఈసీ (భూమిపై అప్పులు, లావాదేవీలు తెలిపే పత్రం) తీయించినట్టే అక్కడి భూమి కార్యాలయం నుంచి నమోదు ధ్రువపత్రం తీయించాలి. సర్టిఫికాట్ అనే భూమి హక్కు పత్రపు అసలు ప్రతి చూడాలి. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు. యజమానితో పాటు భార్య లేదా భర్త సంతకం తీసుకోవాలి, తండ్రి పేరిట ఉన్న భూమి అయితే వారసులందరి సంతకాలూ కావాలి. లోంబోక్‌లో వరిమళ్ళను స్వాధీన తనఖా పెట్టుకోవడం, అంటే అప్పు తీరేదాకా మడిని అప్పిచ్చినవారి సాగుకు వదిలేయడం, వాడుక. అది సర్టిఫికాట్‌లో కనబడదు కాబట్టి, ఆ మడి ఇప్పుడు ఎవరు దున్నుతున్నారో పక్క మడివాళ్ళను అడగండి. ఆ ద్వీపం ఉన్న పశ్చిమ నుసా తెంగారా రాష్ట్రంలో చాలా వరిభూములను 2021లో రక్షిత జాబితాలో చేర్చారు. వాటిలో ఇల్లు కట్టనివ్వరు, కట్టనివ్వకూడదు కూడా. లీజు పత్రాన్ని నోటరీ దగ్గరే రాయించి, పొడిగింపు ధరను ఎలా లెక్కిస్తారో, యజమాని పోతే వారసులు కట్టుబడి ఉంటారో లేదో అందులోనే స్పష్టం చేయించుకోండి. అద్దెపై 10 శాతం పన్ను ఎవరు కడతారన్నదీ ముందే తేలాలి. 2018 ఆగస్టులో వచ్చిన భూకంపంలో లోంబోక్‌లో 500 మందికి పైగా మరణించారు కనుక, పాత ఇల్లు తీసుకునేటప్పుడు ఇనుప కడ్డీల స్తంభాలు, దూలాలు ఉన్నాయో లేదో మేస్త్రీని తీసుకెళ్ళి చూపించండి.

డబ్బు పంపేది మన బ్యాంకు ద్వారానే. ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరికి 2,50,000 డాలర్లు పరిమితి. పెట్టుబడికి పంపే మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తుంది, దానిని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. 5 ఏళ్ళు మించని లీజుకు మన దేశపు విదేశీ స్థిరాస్తి నిబంధనలు వర్తించవు కనుక, మొదటి ఒప్పందాన్ని ఆ గడువులోపే ఉంచుకోవడం మంచిది. అక్కడ బ్యాంకు ఖాతా తెరిచినా, దీర్ఘకాలపు హక్కు కొన్నా, మన రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో ప్రతి ఏటా చూపాలి; స్థిరాస్తిని చూపకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు. ఆ పట్టికలో లెక్క మన ఆర్థిక సంవత్సరానికి కాక, జనవరి నుంచి డిసెంబరు వరకు ఉంటుంది కాబట్టి లీజు రసీదులనూ బ్యాంకు స్టేట్‌మెంట్లనూ ఆ వరుసలోనే దాచుకోండి.