ఒక కంప్యూటర్‌లో బాగున్న ఆఫీస్ ఫైల్ ఇంకోదాంట్లో ఎందుకు పాడవుతుంది? సమస్య - పరిష్కారం

ఏ సమస్యకైనా ముందు రెండు కంప్యూటర్ల వివరాలూ పక్కపక్కన రాసుకోండి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో విండోస్ వెర్షన్ ఉంటుంది. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే ఆఫీస్ వెర్షన్, అది 32 బిట్టో 64 బిట్టో తెలుస్తాయి. ఫైల్ పాడైందనుకున్న చాలా సందర్భాల్లో తేడా ఇక్కడే బయటపడుతుంది. సాఫ్ట్‌వేర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

ఫార్ములా ముందు ‘ఎక్స్‌ఎల్‌ఎఫ్‌ఎన్’ అని వస్తోంది, సెల్‌లో నేమ్ ఎర్రర్ పడుతోంది

ఆ ఫంక్షన్ మీ ఎక్సెల్‌కు తెలియదని దీని అర్థం. ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్ వంటివి ఎక్సెల్ 2021లోనూ, మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉన్నాయి. 2019లో, అంతకు ముందువాటిలో లేవు. ఇందులో ఒక మోసం ఉంది. ఫైల్ తెరవగానే పాత జవాబులే కనిపిస్తాయి, అంతా బాగుందనిపిస్తుంది. ఆ సెల్‌లో ఎడిట్ చేసి ఎంటర్ కొట్టినా, దాని లెక్క మళ్లీ జరిగినా ఎర్రర్ వస్తుంది. కాబట్టి పాత ఎక్సెల్‌లో ఆ సెల్స్‌ను ముట్టుకోకండి.

శాశ్వత పరిష్కారం: పాత వెర్షన్ వాళ్లకూ పంపే ఫైల్ అయితే ఎక్స్‌లుకప్ బదులు ఇండెక్స్, మ్యాచ్ అనే పాత ఫంక్షన్లు కలిపి వాడండి. మ్యాచ్‌లో మూడో విలువగా సున్నా తప్పకుండా ఇవ్వాలి. ఎక్స్‌లుకప్ ఏమీ చెప్పకపోయినా సరిగ్గా అదే విలువను వెతుకుతుంది. మ్యాచ్ అలా కాదు, సున్నా ఇవ్వకపోతే జాబితా వరుసక్రమంలో ఉందనుకుని దగ్గరి విలువతో సరిపెట్టుకుంటుంది. అప్పుడు ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది. ఎర్రర్ కన్నా ఇదే ప్రమాదం.

పాత ఫార్మాట్‌లో సేవ్ చేస్తే కింది వరుసలు మాయం

ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి, ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌లో 10,48,576. సేవ్ చేసేటప్పుడు వచ్చే హెచ్చరికను చదవకుండా ‘కంటిన్యూ’ నొక్కితే మిగతావి పోతాయి.

మ్యాక్రోలు నడవట్లేదు

పైన ఎర్ర పట్టీ కనిపిస్తే ఆ ఫైల్ ఇంటర్నెట్ నుంచి వచ్చిందని విండోస్ గుర్తు పెట్టింది. అలాంటి ఫైళ్లలో మ్యాక్రోలను (ఫైల్‌లో ఉండి పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రామ్‌లను) 2022 నుంచి ఆఫీస్ తనంతట తానే ఆపేస్తోంది. పంపినవాళ్లు ఎవరో ఖాయంగా తెలిస్తేనే ఫైల్ మూసి, దానిపై రైట్ క్లిక్, ప్రాపర్టీస్, జనరల్ ట్యాబ్ అడుగున ‘అన్‌బ్లాక్’ టిక్ చేసి ఓకే నొక్కండి. మొత్తం డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను ట్రస్టెడ్ లొకేషన్‌గా (ఆఫీస్ అడ్డుచెప్పకుండా నమ్మే చోటుగా) పెట్టే పని మాత్రం చేయకండి, రక్షణంతా పోతుంది.

పట్టీ లేకుండా కంపైల్ ఎర్రర్ వచ్చి, అందులో ‘పీటీఆర్‌సేఫ్’ అనే మాట ఉంటే, 32 బిట్ కోసం రాసిన కోడ్ 64 బిట్ ఆఫీస్‌లో నడుస్తోందన్నమాట. ఆఫీస్ 2019 నుంచి మామూలుగా 64 బిట్టే ఇన్‌స్టాల్ అవుతుంది. కోడ్‌లో డిక్లేర్ అనే మాట పక్కన పీటీఆర్‌సేఫ్ చేర్చాలి. హ్యాండిల్స్, పాయింటర్లు (విండోస్ ఇచ్చే గుర్తులు, మెమరీ చిరునామాలు) లాంగ్ రకంగా ఉంటే లాంగ్‌పీటీఆర్ రకంగా మార్చాలి. మొదటిది చేసి రెండోది వదిలేస్తే ఎర్రర్ పోయినా ఎక్సెల్ ఉన్నట్టుండి మూతపడవచ్చు.

వర్డ్‌లో పేజీలు జరిగిపోయాయి, తెలుగు అక్షరాలు గందరగోళంగా ఉన్నాయి

పేజీలు జరగడానికి కారణం చాలాసార్లు ఫాంటే. కొత్త ఆఫీస్‌లో మామూలుగా వచ్చే ఫాంట్ కాలిబ్రి స్థానంలోకి ఆప్టోస్ వచ్చింది. అవతలి కంప్యూటర్‌లో అది లేకపోతే వర్డ్ వేరే ఫాంట్ పెడుతుంది, వరుసలు విరిగే చోటు మారుతుంది. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ‘ఎంబెడ్ ఫాంట్స్’ టిక్ చేయండి.

తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది యూనికోడ్ కాని పాత ఫాంట్‌తో టైప్ చేసినది. విండోస్‌లోని తెలుగు ఫాంట్ నిర్మలా యూఐ పెట్టినా లాభం లేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక వత్తులను ఒకసారి చదివి సరిచూసుకోండి.

‘ఈ పీసీలో విండోస్ 11 నడవదు’ అంటోంది

పాత వెర్షన్ నుంచి మారదామనుకునేవాళ్లకు ఎదురయ్యే సమస్య ఇది. విండోస్ 10కూ, ఆఫీస్ 2016, 2019లకూ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ), 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, మైక్రోసాఫ్ట్ జాబితాలోని ప్రాసెసర్ కావాలి. ప్రాసెసర్ సరిపోయినా టీపీఎం లేదంటే, చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగ్స్‌లో) ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో వెతకండి. బయోస్ ముట్టుకునే ముందు డ్రైవ్‌ను లాక్ చేసే బిట్‌లాకర్ రికవరీ కీ రాసి పెట్టుకోండి, లేదంటే డ్రైవ్ తెరుచుకోకపోవచ్చు.

సెక్యూర్ బూట్‌కు యూఈఎఫ్‌ఐ అనే కొత్త తరహా బూట్ మోడ్ కావాలి. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉండగా నేరుగా ఆ మోడ్‌లోకి మారిస్తే విండోస్ బూట్ అవదు. ముందు బ్యాకప్ తీసి, విండోస్‌తోనే వచ్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ కమాండ్‌తో డిస్క్‌ను జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి మార్చి, ఆ తర్వాతే బయోస్‌లో మోడ్ మార్చండి.