సోఫా కొనేముందు ఓసారి తిరగేసి చూడండి

షాపులో అందరూ ముందు గుడ్డ చూస్తారు. మేం రిపేరుకు వచ్చిన సోఫాని ముందు తిరగేస్తాం. అడుగున పిన్నులు కొట్టిన నల్లగుడ్డ ఉంటుంది, అసలు సంగతంతా దాని వెనకే. కొత్తదాన్ని షాపువాడు తిరగేయనివ్వడు. అందుకని ముందువైపు ఒక కాలు పట్టుకుని అర అడుగు పైకి లేపండి. రెండో ముందుకాలు కూడా వెంటనే లేస్తే ఫ్రేము గట్టిది. అది నేలమీదే ఉండిపోయి మధ్యలో కిర్రుమంటే ఇంకో షాపు చూసుకోండి.

చెక్క ఏంటో అడగండి. గుడ్డ కింద దాగిపోయే ఫ్రేముకి టేకు వేయించడం నా దృష్టిలో దండగ. బాగా ఎండిన వేప చెక్కో, సాల్ చెక్కో చాలు. మందంగా ఉంటే ప్లైవుడ్ కూడా ఫర్వాలేదు. చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు మాత్రం వద్దు. ఇల్లు తుడిచిన తడి తగిలి తగిలి ఉబ్బుతుంది, స్క్రూలు వదులైపోతాయి.

ఇక ఫోమ్. కూర్చోగానే దిగబడితే మెత్తగా ఉందని మురిసిపోతారు. చవక ఫోమ్ కూడా మొదట్లో అలాగే ఉంటుంది, తర్వాత రోజూ కూర్చునే చోట గుంట పడుతుంది. డెన్సిటీ ఎంత అని అడగండి. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఆ లెక్క. సీటుకి 32కి తగ్గొద్దు, 40 అయితే నిశ్చింత. వీపు దిండ్లకి తక్కువైనా నడుస్తుంది. కుషన్ జిప్పు తీసి చూపించమనండి. లోపల ఒకే పలక ఉందా, ముక్కలు అతికించారా అన్నది కళ్లకే కనబడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే షాపుకి వెంట తీసుకెళ్లండి. వాళ్లని పది నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి ఇవ్వకుండా లేవమనండి. నేలనుంచి సీటు 17, 18 అంగుళాలుంటే మోకాళ్లకి సుఖం. ఇప్పటి ఫ్యాషన్ సోఫాలు మరీ కిందికి, మరీ లోతుగా ఉంటున్నాయి. సినిమా చూస్తూ పడుకోవడానికి బాగుంటాయి గానీ చుట్టాలొస్తే ఎవరూ తిన్నగా కూర్చోలేరు.

రెగ్జిన్ తుడుచుకోవడానికి తేలికే. కానీ మన ఎండకి, చెమటకి, తలనూనెకి పొట్టు లేస్తుంది. తల ఆనేచోట, చేతులు పెట్టేచోట మొదలవుతుంది. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇవే. జిప్పు తీసి ఉతుక్కునే గుడ్డ కవర్లు మేలు. పిల్లలున్న ఇంట్లో క్రీమ్ కలర్ వద్దు, పసుపు మరక వదలదు.

కొలతలు హాలుకే కాదు, గుమ్మానికీ లిఫ్టుకీ మెట్ల మలుపుకీ తీసుకోండి. ముగ్గురు కూర్చునేది దాదాపు ఏడడుగులుంటుంది. హాల్లో ఆ సైజుకి పాత పేపర్లు పరిచి చుట్టూ నడిచి చూడండి. ఎల్ షేప్ అయితే పొడుగు భాగం ఏ వైపు రావాలో గీసి ఇవ్వండి. కుడి ఎడమలు తారుమారై గొడవలు పడటం మామూలే.

చేయించుకునేవాళ్లు అడ్వాన్స్ సగమే ఇవ్వండి. గుడ్డ వేయకముందే వెళ్లి ఫ్రేము చూడండి. షాపులో కొంటే చెక్క పేరు, ఫోమ్ డెన్సిటీ, వారంటీ దేనికి ఎన్నేళ్లో బిల్లు మీద రాయించండి. రాయమంటే నసిగితే బేరం అక్కడితో ఆపేయండి.

అన్నట్టు, ఇంట్లో ఉన్న పాత సోఫా కాలు కూడా లేపి చూడండి. ఫ్రేము బాగుంటే ఫోమ్, గుడ్డ మార్పిస్తే సరిపోతుంది, కొత్తది కొనేంత ఖర్చు కాదు.