అక్షరాల వేట – 3వ పాఠం: స్టేషన్ కోడ్‌లో దాక్కున్న మాటలు

ముందు పాత బాకీ తీర్చేద్దాం. పోయిన పాఠంలో పొందూరు స్టేషన్ బోర్డు మీది ఏడు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చి, వాటితోనే ఇంగ్లీషు మాటలు కట్టమన్నాను: పి-ఓ-ఎన్-డి-యు-ఆర్-యు. వాటిని దాటకుండా పాండ్, పౌండ్, రౌండ్, ప్రౌడ్, డ్రాప్, అన్‌డూ వస్తాయి. ఇంకా ఉన్నాయి. 'అండర్' కూడా వస్తుంది కదా అనిపిస్తుంది. రాదు. అందులో 'ఈ' ఉంది, బోర్డు మీద లేదు. మనం పలికినట్టే రాసుకునేవాళ్లం కాబట్టి ఈ ఆటలో చెవి మనల్ని తరచూ మోసం చేస్తుంది. తోచిన మాటను కాగితం మీద పెట్టి, ఒక్కో అక్షరం కొట్టేసుకుంటూ చూశాకే ఒప్పుకోండి.

ఇప్పుడు ఆట తిరగబడుతుంది. ఇచ్చిన అక్షరాలు మాటలో ఉండి తీరాలి, వాటితోపాటు వేరేవి ఎన్నయినా రావచ్చు. దీనికి మన రైల్వే స్టేషన్ కోడ్‌లను మించిన సరుకు లేదు. విజయనగరం వి-జెడ్-ఎమ్, చీపురుపల్లి సి-పి-పి, పలాస పి-ఎస్-ఏ. శ్రీకాకుళం రోడ్ మాత్రం సి-హెచ్-ఈ. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అన్న రోజుల గుర్తు అది. స్టేషన్ ఉన్నదేమో ఆమదాలవలసలో, పేరు శ్రీకాకుళానిది, కోడ్ చికాకోల్‌ది! ముగ్గురినీ మెప్పించినట్టున్నారు.

వెతికే ముందు 'ఉండాలి' అంటే ఏమిటో తేల్చుకోవాలి. పలాస కోడ్ తీసుకోండి. పి, ఎస్, ఏ ఏ వరసలో ఉన్నా సరే అనుకుంటే సోప్, స్పేస్, హాస్పిటల్ అన్నీ చెల్లుతాయి. వరస తప్పకూడదు, మధ్యలో వేరే అక్షరాలు దూరితే పర్వాలేదు అంటే హాస్పిటల్ ఎగిరిపోతుంది. అందులో ఎస్ ముందొచ్చి, పి తర్వాత వస్తుంది. పర్సనల్, పాసేజ్ నిలబడతాయి. మూడూ అంటుకునే ఉండాలంటే మాత్రం చెమటలు పడతాయి. బైబిల్ కీర్తనను ఇంగ్లీషులో 'సామ్' అంటారు, రాయడం పి-ఎస్-ఏ-ఎల్-ఎమ్. అందులో పి పలకదు, ఎల్ కూడా పలకదు. నోటితో వెతికేవాళ్లకు అది జన్మలో దొరకదు.

శ్రీకాకుళం రోడ్ కోడ్ ఇంత ఏడిపించదు. సి, హెచ్ తరచూ పక్కపక్కనే కూర్చునే జంట కాబట్టి టీచర్, కిచెన్, కెమిస్ట్ వాటంతట అవే వస్తాయి. అన్నిటిలోనూ మూడక్షరాలు అంటుకునే ఉన్నాయి. జీడిపప్పు ఇంగ్లీషు పేరు రాయండి: సి-ఏ-ఎస్-హెచ్-ఈ-డబ్ల్యు. వరస తప్పలేదు గానీ మధ్యలో రెండు దూరాయి, కనుక ఇది రెండో రకం. పలాస సరుకు శ్రీకాకుళం రోడ్ ఖాతాలో పడటం నాకు భలే నచ్చింది.

అసలు పని విజయనగరంతో. వి, జెడ్, ఎమ్. ఒక్క అచ్చు కూడా లేదు. వరస మాట వదిలేసి, మూడూ ఎక్కడో ఒకచోట ఉంటే చాలనుకుందాం. చాలామంది ముందు ఎమ్ పట్టుకుంటారు, తేలిక అని. అదే చిక్కు. ఎమ్ ఉన్న మాటలు వేలకు వేలు, వాటిలో జెడ్ కోసం ఎక్కడని వెతుకుతాం? ఎప్పుడూ మొండి అక్షరం దగ్గరే మొదలుపెట్టాలి. ఏది మొండిదో తెలియకపోతే, అక్షరాల బిళ్లలతో మాటలు కట్టే స్క్రాబుల్ ఆట పెట్టెను గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లీషు పెట్టెలో 100 బిళ్లలు ఉంటాయి. వాటిలో ఈ 12, జెడ్ ఒక్కటే. ఆ ఒక్కదానికీ 10 పాయింట్లు. క్యూ, జె, ఎక్స్ కూడా ఒక్కొక్కటే.

సరే, జెడ్ ఎక్కడెక్కడ కూర్చుంటుంది? జీరో, జోన్‌లలో మొదట. పజిల్ లాంటి మాటల్లో మధ్యలో జంటగా. ఇక మాట చివర ఐ-జెడ్-ఈ అనే తోకలో. మొదటి రెండు చోట్లా దొరికేవి ఎక్కువగా పొట్టి మాటలు, వి, ఎమ్ రెండిటికీ చోటు దొరకడం కష్టం. తోక అలా కాదు, దాని ముందు ఒక పూర్తి మాటే పడుతుంది. అంటే మనకు కావాల్సింది వి, ఎమ్ ఉన్న మాట. ఇప్పుడు పేపర్లో క్రైమ్ వార్తలు గుర్తు చేసుకోండి. విక్టిమ్! వి-ఐ-సి-టి-ఐ-ఎమ్‌కి ఐ-జెడ్-ఈ తగిలించండి, విక్టిమైజ్. మన దగ్గర ఆ తోకను ఎక్కువగా ఎస్‌తో రాస్తారు, అమెరికా రాతలో జెడ్ ఉంటుంది. నా లెక్కలో జెడ్ రాత కూడా చెల్లుతుంది. పక్కనున్నవాళ్లతో పందెం కట్టేటట్టయితే ఆ సంగతి ముందే మాట్లాడుకోండి, తర్వాత గొడవలొద్దు.

చీపురుపల్లిలో మెలిక వేరు: పి రెండుసార్లు రావాలి. 'కాపీ' అని ఊరుకుంటే కుదరదు, అందులో ఒక్కటే ఉంది. ముందు జంట పి కోసం చూడండి. ఏ-పి-పి అని మొదలయ్యే మాటలు ఇంగ్లీషులో బోలెడు, వాటిలో సి ఉన్నవి ఏరుకుంటే అప్రోచ్, అప్లికేషన్, అప్రీషియేట్. కాపర్ కూడా జంటదే. తర్వాత పి-లను విడదీసి చూడండి, పాప్‌కార్న్ తగులుతుంది. కాలేజీ ప్రిన్సిపాల్, సూత్రం అనే అర్థంలో ప్రిన్సిపుల్, ఈ రెండూ ఇక్కడ పనికొస్తాయి. స్పెల్లింగ్ తారుమారైనా ఈ ఒక్కచోట మాత్రం మార్కులు పోవు.

అభ్యాసానికి భువనేశ్వర్ కోడ్ బి-బి-ఎస్. ముందు ఏ వరసలోనైనా వెతకండి, తర్వాత వరస తప్పకుండా. రెండోది విశాఖపట్నం కోడ్ వి-ఎస్-కె-పి, అందులోంచి పి తీసేయండి. మిగిలిన మూడూ ఉన్న వస్తువు వంటింట్లోనే ఉంటుంది. ఏకవచనంలో వెతికితే దొరకదు, మొదటి అక్షరం పలకదు. టైమ్ పెట్టుకుంటానంటే, విజయనగరంలో ప్యాసింజర్ ఎక్కి చీపురుపల్లిలో దిగేలోగా. జవాబులు 4వ పాఠంలో.