1980ల నాటి పుట్టినరోజు ఇంట్లోనే చేయాలంటే: ఇసుక కుక్కర్ కేకు నుంచి కుర్చీలాట దాకా

1980ల్లో మన ఊళ్లలో మధ్యతరగతి ఇంటి పుట్టినరోజుకు పెద్ద సరంజామా ఏమీ ఉండేది కాదు. ఒక కుక్కర్, కాస్త ఇసుక, రెండు రంగుల క్రేపు కాగితం, రస్నా ప్యాకెట్టు, పక్కింటివాళ్ల స్టీలు గ్లాసులు చాలు. ఆ సాయంత్రాన్ని మళ్లీ అలాగే చేయాలనుకునేవాళ్ల కోసం ఈ లెక్కలు. 20 మంది పిల్లలు, పదిమంది పెద్దలు, పన్నెండడుగుల హాలు అనుకుని రాశాం.

ముందు కేకు. బేకరీ నుంచి తెస్తే పని తేలికే కానీ, మధ్యాహ్నం నుంచి ఇల్లంతా పట్టే ఆ వెనిల్లా వాసన రాదు. పిల్లలు వంటింటి గుమ్మం దగ్గర చేరేది ఆ వాసనకే.

ఐదు లీటర్ల పాత అల్యూమినియం కుక్కర్ తీసుకోండి. నీళ్లు లేకుండా గంటసేపు వేడెక్కితే అడుగు పాడవుతుంది కాబట్టి రోజూ వాడేది వద్దు. గాస్కెట్, వెయిట్ రెండూ తీసేయాలి. గాస్కెట్ మరిచిపోతే పొడి వేడికి రబ్బరు మాడి, ఆ కంపు కేకుకు పడుతుంది. వెయిట్ ఉంటే ఆవిరి బయటికి పోదు, కేకు పైభాగం చెమ్మగా, జిగటగా మిగిలిపోతుంది.

ఇసుక జల్లించి, నాలుగైదు నీళ్లు పోసి కడిగి, రెండు రోజులు ఎండబెట్టాలి. గుప్పిట్లో నొక్కి వదిలితే ముద్దకట్టకుండా జారిపోవాలి. అడుగున అంగుళం మందం పరవడానికి కిలోన్నర పడుతుంది. మంట నేరుగా తగిలితే అడుగు మధ్యలో ఒక్కచోటే కాలుతుంది. ఇసుక ఆ వేడిని సమంగా పంచి, నిలబెడుతుంది. పొర పలచనైతే కేకు అడుగు నల్లబడుతుంది. ఇసుక దొరక్కపోతే అదే మందంలో రాళ్ల ఉప్పు పోయవచ్చు. పైన చిన్న ఇనుప స్టాండు పెట్టి, మూత వేసి, మధ్యస్థపు మంట మీద పది నిమిషాలు వేడిచేయండి.

కేకు గిన్నె ఏడంగుళాల వెడల్పు, మూడంగుళాల లోతు ఉండాలి. కుక్కర్ గోడకి, గిన్నెకి మధ్య వేలు దూరేంత సందు తప్పనిసరి. లేకపోతే వేడి పైకి రాక, పక్కలు మాడి నడుమ పచ్చిగా ఉంటుంది. గిన్నెకు వెన్న రాసి, మైదా చల్లి, బోర్లించి దులపండి.

పాళ్లు గుర్తుపెట్టుకోవడం సులువు: వెన్న 200 గ్రాములు, చక్కెర పొడి 200, మైదా 200, గుడ్లు నాలుగు. ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడర్, చెంచా వెనిల్లా ఎసెన్స్, మూడు నాలుగు పెద్ద చెంచాల పాలు. మైదా, బేకింగ్ పౌడర్ కలిపి మూడుసార్లు జల్లించండి. వెన్న, చక్కెర తెల్లబడి నురగలా తేలికయ్యేదాకా గిలకొట్టాలి. చేత్తో అయితే ఇరవై నిమిషాలు పడుతుంది, ఇక్కడ తొందరపడితే కేకు ఇటుకలా వస్తుంది. ఒకే వైపు తిప్పాలని పెద్దవాళ్లు గట్టిగా చెబుతారు. నిజానికి దిశతో పనిలేదు, అందులోకి గాలి చేరడమే ముఖ్యం. గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. ఫ్రిజ్‌లోంచి తీసినవి అప్పుడే వేస్తే మిశ్రమం విరిగినట్టవుతుంది. అలా అయితే ఒక చెంచా మైదా వేసి కలపండి, సర్దుకుంటుంది. మైదా కలిపేటప్పుడు మాత్రం గిలక్కొట్టకూడదు, గరిటెతో అడుగు నుంచి పైకి తెస్తూ మెల్లగా కలపాలి. టూటీఫ్రూటీ వేస్తే ముందు మైదాలో దొర్లించండి, లేకపోతే మొత్తం అడుక్కి దిగిపోతుంది. గుడ్డు తినని ఇళ్లలో 400 గ్రాముల మిల్క్‌మెయిడ్ డబ్బా, సోడా నీళ్లతో చేసేవాళ్లు. దాని కొలతలు వేరు, వీటితో కలపొద్దు.

గిన్నెలో సగానికి కాస్త పైదాకా పోసి, కుక్కర్లో దించి, మంట సిమ్‌లో పెట్టండి. 50 నిమిషాల నుంచి గంట పడుతుంది. మొదటి 35 నిమిషాలు మూత ఎత్తొద్దు. అప్పటికి నిర్మాణం గట్టిపడదు, చల్లగాలి తగలగానే నడుమ గుంటపడుతుంది, మళ్లీ లేవదు. తర్వాత చీపురుపుల్ల కడిగి గుచ్చి చూడండి. పొడిగా వస్తే దింపేయవచ్చు. పది నిమిషాలు ఆగి బోర్లించండి. వేడిమీద తీస్తే విరుగుతుంది, పూర్తిగా చల్లారనిస్తే అంటుకుంటుంది.

పైపూతకి వెన్న 100 గ్రాములు, ఐసింగ్ షుగర్ 200 చాలు. పాల ప్యాకెట్టు కడిగి ఆరబెట్టి, మూల కత్తిరించి పేరు రాయండి. మే నెలలో అయితే ఈ పని సాయంత్రం నాలుగు దాటాకే. ఎండవేళ చేస్తే అక్షరాలు జారిపోతాయి. చుట్టూ జెమ్స్ బిళ్లలు అతికించేది అతిథులు వచ్చే ముందు. చెమ్మ తగిలితే వాటి రంగు కారుతుంది.

అలంకరణ పొద్దున్నే మొదలుపెట్టవచ్చు. క్రేపు కాగితం మడత విప్పకుండానే రెండంగుళాల వెడల్పున అడ్డంగా కోస్తే పొడవాటి రిబ్బన్లు వస్తాయి. రెండు రంగులు కలిపి, ఒకరు ఒక కొస పట్టుకుంటే మరొకరు మెలితిప్పుతూ వెనక్కి నడవాలి. మూల నుంచి నడుమకు ఎనిమిదిన్నర అడుగులైతే పదడుగులు తీసుకోండి. మెలికకి, వేలాడే వంపుకి ఆ మాత్రం కావాలి. కొసలు గోడ మీద మైదా బంకతో అతికించొద్దు. తడి తగిలితే క్రేపు రంగు దిగి సున్నం మీద మరకలు పడతాయి, కొట్టుకున్నా పోవు. మేకుకి దారంతో కట్టడమే మేలు. నడుమ కొసలు ఫ్యానుకి కట్టకుండా, రెక్కలకి మూడడుగుల దూరంలో దారం అడ్డంగా లాగి దానికి కట్టండి. బుడగలు మాత్రం మధ్యాహ్నం మూడు తర్వాతే ఊదాలి, ముందురోజు ఊదితే తెల్లారేసరికి ముడతలు పడతాయి. చాక్లెట్లు నింపిన పెద్ద బుడగని సగానికి మించి ఊదకండి. కింద పిల్లలు చేతులు చాపి నిలబడేదాకా అది పగలకూడదు కదా!

రస్నాది పెద్ద పని కాదు. ఐదు రూపాయల ప్యాకెట్టుతో 32 గ్లాసులని ప్రకటన వచ్చేది, కానీ అవి చిన్న గ్లాసులు. పెద్ద స్టీలు గ్లాసులతో పోస్తే సగంలోనే అయిపోతుంది, రెండు ప్యాకెట్లు ఉంచుకోండి. పాకం పొద్దున్నే చేసి చల్లార్చి, పోసేముందు నీళ్లు కలపాలి. ఐసు కరిగి పలచబడుతుంది కనక నాలుక్కి కాస్త చిక్కగా అనిపించేలా కలపండి.

ప్లేటులో కేకు ముక్క, కారబ్బూంది లేదా మిక్చరు, బంగాళాదుంప చిప్స్, ఒక లడ్డూ. కారం తగిలి కేకు పాడవకుండా నడుమ లడ్డూ పెట్టండి. చిప్స్ చివరి నిమిషంలోనే వేయాలి. కేకుని త్రికోణాలుగా కోస్తే 30 మందికి సరిపోదు. అంగుళం బద్దలుగా కోసి, వాటిని అడ్డంగా కోయండి.

కేకు కోసే ముందు ఒక మాట. దీపం ఊదడం చాలా ఇళ్లలో అమ్మమ్మలకి, నానమ్మలకి ఇష్టముండదు. ముందు దేవుడి దగ్గర దీపం వెలిగించి, బిడ్డకి హారతిచ్చి, పెద్దవాళ్లు అక్షింతలు వేశాక కొవ్వొత్తులు పెడితే ఎవరి మనసూ నొచ్చుకోదు. వాళ్లకి అప్పటికీ నచ్చకపోతే కొవ్వొత్తులు ఊదకుండా పక్కకు తీసి పెట్టేయండి.

కుర్చీలాటకి పిల్లల కంటే ఒక కుర్చీ తక్కువ. వీపులు ఆనించి రెండు వరసలు వేయండి. మడత కుర్చీలు వేళ్లు నలిపేస్తాయి, వద్దు. టేప్ రికార్డర్ వేసేవాళ్లు గోడవైపు తిరిగి కూర్చుని, స్టాప్ కాకుండా పాజ్ నొక్కాలి. స్టాప్, ప్లే మార్చిమార్చి నొక్కితే పాత క్యాసెట్ టేపు లోపల చిక్కుపడుతుంది. చిక్కితే లాగకుండా మెల్లగా విడదీసి, పెన్సిల్ గుచ్చి చుట్టండి. 60 నిమిషాల క్యాసెట్ ఒకవైపు అరగంట వస్తుంది, ఆటకి అది చాలు.

అందరూ వెళ్లాక గ్లాసులు కడిగి, అంచు కింద కొట్టించిన పేర్లు చూసి ఎవరివి వాళ్లకి సర్దండి. ఖాళీ గ్లాసులు పంపకూడదని మిగిలిన బూందీ వాటిలోనే పోసి పంపడం రివాజు. కుక్కర్లో ఇసుక గంటసేపు వేడి వదలదు, రాత్రికి అలాగే ఉంచేసి తెల్లారాక డబ్బాలోకి ఒంపి మూత పెట్టండి. వచ్చే పుట్టినరోజుకి జల్లిస్తే చాలు, మళ్లీ కడగక్కర్లేదు.