లైన్ ఎండింగులు మార్చండి, ‘ఊ’ను మాత్రం చంపకండి

విండోస్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్ సర్వర్‌లో మొరాయిస్తే చాలామంది కోడంతా తిరగరాస్తారు. తప్పు కోడ్‌లో ఉండదు, ప్రతి వరుస చివర కంటికి కనబడని అక్షరంలో, అంటే లైన్ ఎండింగులో ఉంటుంది. అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రమాణం ఆస్కీ ప్రకారం 10 లైన్ ఫీడ్ (ఎల్ఎఫ్), 13 క్యారేజ్ రిటర్న్ (సీఆర్). లినక్స్‌కు 10 ఒక్కటే చాలు; విండోస్ 13, 10 జంటగా వాడుతుంది. మాక్ ఓఎస్ 9 వరకు మాక్‌లలో 13 ఒక్కటే ఉండేది.

ఫైలుకు నకలు తీసుకోండి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో తెరవండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇక్కడ ఆగండి. ముందు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి), తర్వాతే లైన్ ఎండింగ్. బైట్లను నేరుగా మార్చే కమాండు వాడితే, ఈ క్రమం తప్పినప్పుడు ఫైలు పాడవుతుంది. కింది పట్టీలో ‘యూటీఎఫ్-16’ అని ఉంటే ముందుగా యూటీఎఫ్-8లో సేవ్ చేయండి. యూటీఎఫ్-16లో 13 ఒంటరిగా ఉండదు, పక్కన సున్నా బైటు ఉంటుంది. 13లను మాత్రమే చెరిపేసే కమాండు ఆ సున్నాలను వదిలేస్తుంది. దాంతో రెండో వరుస నుంచే బైట్ల జంటలు తప్పి, తెలుగు పిచ్చి గీతలవుతుంది.

లినక్స్ నుంచి విండోస్‌కు మార్చేటప్పుడు ఇంకా ఘోరం. ‘ఊ’ యూనికోడ్ సంఖ్య 3082. రెండు బైట్లుగా విడదీస్తే 12, 10. ఆ 10ని కొత్త వరుస అనుకున్న కమాండు దాని ముందు 13 దూరుస్తుంది. ఊళ్ల పేర్ల జాబితా ఒకటి ఇలాగే నాశనమై నా దగ్గరికి వచ్చింది. యూటీఎఫ్-8లో ఈ బాధ లేదు: ‘ఊ’ అంటే 224, 176, 138. తెలుగు అక్షరాల బైట్లు ఏవీ 128కి దిగువన ఉండవు.

ఇప్పుడు కింది పట్టీలోనే ‘సీఆర్ఎల్ఎఫ్’ మీద నొక్కి ‘ఎల్ఎఫ్’ ఎంచుకుని సేవ్ చేయండి.

విండోస్‌లోనూ ఎల్ఎఫ్ మాత్రమే వాడాలి. ఆ 13, 10 జంట టెలిటైప్ యంత్రాల కాలపు అవశేషం: అచ్చు తల ఎడమ అంచుకు వెళ్లడానికి 13, కాగితం పైకి జరగడానికి 10. ఆ యంత్రం మీ బల్ల మీద ఉందా? నోట్‌ప్యాడ్‌లో అన్నీ ఒకే వరుసగా కనిపిస్తాయన్న అభ్యంతరం కూడా 2018తో తీరిపోయింది. యూనికోడ్‌లో 133, 8232, 8233 అనే వరుస విరుపులు కూడా ఉన్నాయి. వాటి జోలికి వెళ్లకండి.

చివరి వరుస తర్వాత కూడా ఎంటర్ నొక్కండి. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం పోసిక్స్ నిర్వచనం ప్రకారం 10తో ముగిస్తేనే అది వరుస. లేకపోతే రెండు ఫైళ్లు కలిపినప్పుడు మొదటిదాని ఆఖరి మాట, రెండోదాని తొలి మాట అతుక్కుపోతాయి.