నాటు వరిలో కలుపు మందులు – 4వ పాఠం: నీరు నిలపాలా, తీయాలా?

పోయిన పాఠం చూసి ప్రెటిలాక్లోర్ (కలుపు మొలవకముందే చల్లే మందు) చల్లినవారిలో చాలామంది ఒకే మాట రాశారు: "మందు వేసినా ఊద గడ్డి మొలిచింది. మందు నకిలీదేమో!" 50 శాతం మందును ఎకరాకు 500 మి.లీ. చొప్పున పొడి ఇసుకలో కలిపి, నాటిన 3–5 రోజుల్లోనే చల్లామని కూడా రాశారు. సంతోషం. అయితే మడిలో నీరు ఎలా ఉందో ఒక్కరూ రాయలేదు. పిచికారీకి వెళ్లేముందు ఇది తేల్చుకోవాలి.

ఇసుకలో కలిపి చల్లే మందు ఆకు మీద పనిచేసేది కాదు. పలుచటి నీటిలో పరుచుకుని నేల పైపొరలో చేరుతుంది. కలుపు గింజ మొలక ఆ పొరను దాటి పైకి వచ్చేటప్పుడు మందును పీల్చుకుని చస్తుంది. అందుకే చల్లేటప్పుడు 2–3 సెం.మీ. నీరుండాలి. ఆ తర్వాత రెండు మూడు రోజులు నీరు పెట్టకూడదు, తీయకూడదు, మడిలో తిరగకూడదు. గట్టుకు ఒక్క పీత బొరియ ఉన్నా మీ మందు పక్కవారి మడికి పోతుంది. నేనైతే ముందురోజు సాయంత్రమే మడవ (మడిలోకి నీరు పారే గండి) కట్టించి, తెల్లవారాక నీరు తగ్గలేదని చూశాకే ఇసుక కలపమంటాను.

ఇప్పుడు మీ మడి చూడండి. ఊద మెరకల మీదే గుంపులుగా ఉంటే లోపం చదునుది. మడవ దగ్గర బారుగా ఉంటే పారే నీరు మందును కొట్టుకుపోయింది. మడి అంతటా ఒకే తీరున మొలిస్తేనే మందును అనుమానించండి. ఏదైనా సరే, మొలిచిన ఊద మీద అదే మందు మళ్లీ చల్లకండి, డబ్బు దండగ.

మొలిచినదానికి బిస్పైరిబాక్ సోడియం 10 శాతం మందు, ఎకరాకు 100 మి.లీ. నాటిన 15–20 రోజులకు, కలుపు 2–4 ఆకుల మీద ఉన్నప్పుడు కొట్టాలి. ఇక్కడ పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. ఇది ఆకు ద్వారా లోపలికి వెళ్లే మందు. మునిగిన ఆకుకు అందదు కాబట్టి ముందు నీరు తీసేయాలి. కొట్టాక 24 గంటలు ఆగి, 48 గంటల్లోపు మళ్లీ నీరు పెట్టాలి.

వెడల్పాకు కలుపు ఒక్కటే ఉంటే 25–30 రోజులకు 2,4–డి సోడియం సాల్ట్ కొట్టేవారున్నారు. పక్కన పత్తి చేను ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లవద్దు. గాలికి కొద్దిగా తగిలినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి.

అభ్యాసం: మందు కొనేముందే చేయండి. 5 సెంట్లు, అంటే 2 గుంటలు కొలిచి, విసనకర్రలా పరిచి కొట్టే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్‌తో, మీ మామూలు నడకతో ఉత్త నీరు కొట్టండి. ఖర్చయిన నీటిని 20తో గుణించండి. 8 లీటర్లు పడితే ఎకరాకు 160 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు 10, ట్యాంకుకు 10 మి.లీ. బిస్పైరిబాక్ మందు. మీకు ఎకరాకు 7 ట్యాంకులే పడుతుంటే, పక్క రైతు చెప్పిన 10 మి.లీ. లెక్కతో ఎకరాకు చేరేది 70 మి.లీ. మాత్రమే. మందు కొట్టేది ఇంట్లో ఎవరైతే వారి నడకతోనే ఈ కొలత తీయండి. ఇద్దరు కొడతారంటే విడివిడిగా రెండుసార్లు తీసి, రెండు లెక్కలూ రాసి పంపండి.